నూనె సంగతి తరువాత, ముందు పంపు చూడండి

హోటళ్లలో వాడి పారేసిన నూనెతో డీజిల్ ఇంజన్ నడుస్తుందా అని అడిగినవాళ్లందరికీ నేను వేసే ఎదురు ప్రశ్న ఒక్కటే: మీ ఇంజన్‌కు ఏ పంపు ఉంది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ట్రాక్టర్ ఎన్ని హార్స్‌పవరో చెబుతారు, ఏ సంవత్సరంలో కొన్నారో చెబుతారు, టైర్లు ఎప్పుడు మార్చారో కూడా చెబుతారు. ఇంజన్ పక్కన కూర్చుని ప్రతి చుక్కనూ కొలిచి లోపలికి పంపే ఆ ఇనుప ముద్ద గురించి మాత్రం అది మొరాయించిన రోజునే ఆలోచిస్తారు.

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా డీజిల్ పంపులు, నాజిళ్లు (ఇంధనాన్ని సిలిండర్‌లోకి తుంపరగా చిమ్మే మూతులు) బాగుచేస్తున్నాను. దేవరకొండ, మునుగోడు, నకిరేకల్ వైపు నుంచి ట్రాక్టర్ల పంపులు వస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి జనరేటర్ల పంపులు వస్తాయి. డీజిల్ లీటరు తొంభై అయిదు రూపాయలు దాటాక ఇంకో రకం పని కూడా రావడం మొదలైంది. ఫోన్‌లో ఎవరిదో వీడియో చూసి, విజయవాడ హైవే మీది హోటల్ నుంచి డబ్బాలతో నూనె తెచ్చి, పాత చీర గుడ్డలో వడగట్టి ట్యాంకులో పోసినవాళ్ల పంపులు ఇవి. మా తోటి మెకానిక్కులు వాళ్లను ఒక్క మాటతో కొట్టిపారేస్తారు, డీజిల్ ఇంజన్‌లో డీజిలే పోయాలని. వీడియోలు చేసేవాళ్లు అంతే తేలిగ్గా ఏ డీజిల్ ఇంజనైనా నడుస్తుందని చెబుతారు. రెండు మాటలూ తప్పే. ఈ రెంటి మధ్య ఒక పక్క మంచి పంపులు పాడవుతున్నాయి, మరో పక్క ఇంజన్‌లో కాలిపోవలసిన నూనె తిరిగి బజ్జీల మూకుట్లోకి చేరుతోంది. ఆ రెండోది నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

నూనె వాదన చేసేవాళ్లు ముందుగా రుడాల్ఫ్ డీజిల్ పేరు ఎత్తుతారు. ఆయన తన ఇంజన్‌ను వేరుశనగ నూనెతోనే నడిపాడు కదా అంటారు. నడిచిన మాట నిజమే. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో, ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మీద, ఒట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించింది. ఆఫ్రికాలోని ఫ్రెంచి వలస రాజ్యాల్లో వేరుశనగ విరివిగా పండుతుంది కాబట్టి అక్కడి ఇంజన్లకు అక్కడి నూనే సరిపోతుందా అన్నది ఆ ప్రభుత్వం ఆలోచన. ఇంజన్‌లో ఏ మార్పూ చేయలేదని, అది నూనెతో నడుస్తున్న సంగతి చూసినవాళ్లలో కొద్దిమందికే తెలిసిందని డీజిల్ 1912లో చెప్పాడు. ఏటా ఆగస్టు 10న జీవ ఇంధన దినోత్సవం జరిపేటప్పుడు, 1893లో అదే రోజున ఈ పల్లి నూనె ప్రయోగం జరిగిందని మన పత్రికల్లో వస్తుంటుంది. ఆ రోజు ఆగ్స్‌బర్గ్‌లో మొదటిసారి పరీక్షించింది ఆయన తొలి నమూనా ఇంజన్‌ను. నూనె ముచ్చట ఏడేళ్ల తరువాతిది.

వనపర్తి, గద్వాల, అచ్చంపేట వైపు పల్లి చేలు చూసి పెరిగినవాళ్లకు ఈ కథ ఎంత ఇష్టంగా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ పారిస్ ఇంజన్‌లో ఇప్పుడు మన ట్రాక్టర్‌కు ఉన్నలాంటి పంపు లేదు. అప్పట్లో ఇంధనాన్ని గాలితో ఊదేవారు. కంప్రెసర్‌తో గట్టిగా కుదించిన గాలి, నూనె ఎంత చిక్కగా ఉన్నా దాన్ని చెదరగొట్టి సిలిండర్‌లోకి తోసేది. ప్లంజర్‌తో, అంటే గొట్టంలో పైకీ కిందికీ ఆడే కడ్డీతో, నెట్టే పంపును బాష్ కంపెనీ పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది 1927లో. కంప్రెసర్ పోయింది, ఇంజన్ తేలికైంది, లారీ ఎక్కింది, ట్రాక్టర్ ఎక్కింది. అప్పటి నుంచి ఇంధనాన్ని చెదరగొట్టే పని మొత్తం సన్నని నాజిల్ రంధ్రాల మీద, పంపు ఒత్తిడి మీద పడింది. అంటే ఇప్పటి పంపులన్నీ పల్చటి డీజిల్‌ను ఊహించుకుని పుట్టినవి. పారిస్ కథ చెప్పి ఇప్పటి పంపులో నూనె పోయమనడం కుదరదు.

ఎంత పల్చన, ఎంత చిక్కన అన్నది చూద్దాం. 40 డిగ్రీల వేడి దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలని మన దేశ ప్రమాణం. అదే వేడిలో పల్లి నూనె గానీ పామోలిన్ గానీ 35 నుంచి 40 దాకా ఉంటుంది. దాదాపు పదింతలు. వేయించి వేయించి నల్లబడ్డది ఇంకా ఎక్కువ. నూనెను 100 డిగ్రీల దాకా వేడి చేస్తే 8 దగ్గరికి దిగుతుంది.

ఈ అంకెలు నాకు కంటికి కనబడింది నాజిల్ టెస్టర్ మీద. చేతి మీటతో నొక్కే చిన్న పరికరం అది. గేజీ ముల్లు 200 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి రెండు వందల రెట్ల) దగ్గరికి వచ్చేసరికి నాజిల్ సూది లేస్తుంది. డీజిల్‌తో నొక్కితే నాజిల్ గర్‌మని సన్నగా గొణుగుతుంది, గాజు కప్పు లోపల పొగమంచు కమ్ముకుంటుంది. ఒక డిసెంబరు ఉదయం అందులోని డీజిల్ తీసేసి, వడగట్టిన హోటల్ నూనె పోసి నొక్కాను. మీట బరువుగా దిగింది. గొణుగుడు లేదు. మూడు రంధ్రాల నుంచి మూడు దారాలు, కుట్టుమిషన్ దారాల్లా నిటారుగా వచ్చి, గాజుకు తగిలి కిందికి జారాయి. అదే నూనెను 85 డిగ్రీలకు కాచి, టెస్టర్ ఒళ్లు కూడా వేడెక్కేదాకా ఆగి, మళ్లీ నొక్కాను. దారం విచ్చుకుంది. డీజిల్ అంత మెత్తగా కాదు గానీ తుంపరే, సందేహం లేదు. ఆ తరువాత ఎవరు ఎన్ని మాటలు చెప్పినా నాకు ఆ మూడు దారాలే గుర్తొస్తాయి. (ఎవరైనా ఇది చేసి చూడాలనుకుంటే తుంపర ముందు వేలు పెట్టకండి. ఆ ఒత్తిడికి ఇంధనం చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలే తీసేయవలసి రావచ్చు.)

దారంలా పడిన నూనె గాలిలో కలవదు. వెళ్లి పిస్టన్ నెత్తిన పడుతుంది. సగం కాలి నాజిల్ మూతి దగ్గర బొగ్గు కడుతుంది. కాలని భాగం పిస్టన్ రింగుల పక్క నుంచి ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. డీజిల్ అలా దిగినా ఇంజన్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. నూనె ఆవిరి కాదు. అక్కడే ఉండి ఇంజన్ ఆయిల్‌తో కలిసి ముదురుతుంది. తీగపాకంలా సాగే ఇంజన్ ఆయిల్‌ను ఒక జనరేటర్ నుంచి నా చేతులతో గరిటె పెట్టి తీశాను.

ఇక పంపుల దగ్గరికి వస్తే, పైపులు చూసి గుర్తుపట్టవచ్చు. పంపు నెత్తి మీద సన్నని ఇనుప పైపులు బడిపిల్లల్లా వరుసగా నిలబడి ఉంటే అది ఇన్‌లైన్ పంపు. పైపులు గుండ్రంగా, పువ్వు రేకుల్లా చుట్టూ బయలుదేరితే అది రోటరీ పంపు. ఈ ఒక్క తేడా మీద మొత్తం కథ ఆధారపడుతుంది.

ఇన్‌లైన్ పంపులో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఎలిమెంట్ ఉంటుంది. బ్యారెల్, దానిలో ఆడే ప్లంజర్, రెండూ కలిపి ఎలిమెంట్. మధ్య సందు 2, 3 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. శుభ్రంగా కడిగి డీజిల్‌లో ముంచిన బ్యారెల్‌ను కాస్త వంచి పట్టుకుని ప్లంజర్‌ను వదిలితే, బాగున్న ఎలిమెంట్‌లో అది జారిపడిపోదు. ఊపిరి బిగబట్టినట్టు మెల్లగా దిగుతుంది. ఒకదాని ప్లంజర్ మరోదాని బ్యారెల్‌కు పనికిరాదు, జతగా పుట్టాయి, జతగానే మారాలి. ప్లంజర్‌ను కింద నుంచి కామ్, అంటే ఎగుడు అంచుతో తిరిగే ఇనుప చక్రం, నెడుతుంది. ఆ కామ్ తన సొంత ఇంజన్ ఆయిల్‌లో తిరుగుతుంది. నూనె చిక్కగా ఉంటే కామ్ మీద భారం పెరుగుతుంది, కానీ దాని ఒరిపిడిని ఆపే ఆయిల్ వేరుగా ఉంది కాబట్టి తట్టుకుంటుంది. ఇక్కడ ముందు చేతులెత్తేసేది ఫీడ్ పంపు, ఫిల్టర్. చల్లని నూనెను అవి లాగలేక ఇంజన్ ఆకలితో ఆగుతుంది. వేడి చేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

రోటరీ పంపులో అలా కాదు. ఒకే రోటరు తిరుగుతూ అన్ని సిలిండర్లకూ పంచుతుంది. లోపల వేరే ఆయిల్ లేదు. వచ్చే ఇంధనమే దాని ఒళ్లు తడపాలి, అదే చల్లబరచాలి. డీజిల్ కంటే నూనెకే జారుడు గుణం ఎక్కువ కదా, మరి మంచిదే కదా అని ఒక లెక్చరర్ గారు నాతో వాదించారు. గుణం ఎక్కువే, ఒప్పుకుంటాను. ఇప్పటి కాలుష్య ప్రమాణమైన బీఎస్ 6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు (పది లక్షల్లో పది వంతులకు) తగ్గించే క్రమంలో దాని సహజమైన జారుడు కూడా తగ్గింది, అందుకే అందులో మందులు కలుపుతారు. కానీ జారుడు ఉండటం వేరు, ఆ సందులోకి చేరడం వేరు. చల్లని చిక్కని నూనె సమయానికి అక్కడికి చేరదు. చేరని క్షణాన ఇనుము ఇనుమును రాసుకుంటుంది, రోటరు పట్టేస్తుంది.

రెండేళ్ల కిందట జనవరిలో మునుగోడు వైపు నుంచి ఒక అబ్బాయి రోటరీ పంపును గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. "అన్నా, మూడు రోజులు పువ్వులా నడిచింది, నాలుగో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టగానే టప్పున విరిగింది" అన్నాడు. విప్పి చూస్తే రోటరు తన చుట్టూ ఉండే హెడ్డులో బిగుసుకుపోయి ఉంది, తిప్పే షాఫ్టు తెగింది. సగం డీజిల్‌లో సగం పామోలిన్ కలిపి నడిపాడు. పగలు ఇంజన్ వేడి మీద ఆడింది. రాత్రి చలికి ట్యాంకులో, పైపుల్లో పామోలిన్ పేరుకుంది. నెయ్యి పేరుకున్నట్టే. పొద్దున ఆ ముద్దను నమ్ముకుని రోటరు తిరగబోయింది. హెడ్డు, రోటరు జతగా కొత్తవి వేయడం తప్ప దానికి వైద్యం లేదు. ఆర్నెల్ల డీజిల్ మిగుల్చుకుందామనుకున్నవాడికి అంతకు మించిన ఖర్చు చెప్పవలసి వచ్చింది. ఆ అబ్బాయిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నూనె మొదటి రోజు ఎవరికీ ఎదురు తిరగదు. అతని వీడియో గురువు కూడా మూడు రోజుల ముచ్చటే చూపించి ఉంటాడు.

కొత్త బండ్లలో ఇంధనాన్ని ఒకే గొట్టంలో ఒత్తిడితో నిలిపి అన్ని సిలిండర్లకూ పంచే కామన్ రైలు పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. 1600 బార్లు, అంతకు పైన నిలిచి ఉండే ఒత్తిడి, మిల్లీమీటరులో పదో వంతు రంధ్రాలు, ఒక్క స్ట్రోకులో కంప్యూటర్ నాలుగైదు సార్లు తెరిచి మూసే ఇంజెక్టర్లు. బీఎస్ 6 బండి ఉన్నవాళ్లు వాడిన నూనె చుక్క కూడా దాని దరికి రానివ్వకండి. అయితే మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు ఎక్కువగా యాభై హార్స్‌పవర్ లోపువే. 2023 జనవరి నుంచి వచ్చిన కొత్త కాలుష్య నిబంధన యాభై దాటినవాటికే వర్తించింది. కాబట్టి పాత పద్ధతి మెకానికల్ పంపులు ఇంకా చాలాకాలం మన మధ్యనే ఉంటాయి. ఈ చర్చకు అర్థం ఉన్నదీ అందుకే.

ఇంకో సంగతి. బానెట్ మీద డీఐ అని రాసి ఉంటుంది, చూసే ఉంటారు. డైరెక్ట్ ఇంజెక్షన్ అని దాని అర్థం. ఇంధనం నేరుగా పిస్టన్ మీద పడుతుంది. పాత అంబాసిడర్ డీజిల్ కారులో, మొదటి తరం ఇండికాలో అలా కాదు. ముందు ఒక చిన్న గదిలో పడి, అక్కడ సుడి తిరిగే వేడి గాలిలో అంటుకుని, తరువాత సిలిండర్‌లోకి వస్తుంది. నాజిల్‌కు ఒకటే రంధ్రం, అందులో ఒక సన్నని మేకు పైకీ కిందికీ ఆడుతూ తన మూతిని తానే తుడుచుకుంటుంది. నూనెకు అంతకంటే ఓర్పుగల ఇల్లు లేదు. అవన్నీ ఇప్పుడు తుక్కు కొట్లలో ఉన్నాయి. మన ట్రాక్టర్లన్నీ దాదాపు డీఐలే. అంటే పంపు ఇన్‌లైన్ అయినంత మాత్రాన సరిపోదు, నూనె వేడిగానే నాజిల్ చేరాలి.

నేను చేసి చూడకుండా ఇదంతా చెప్పడం లేదు. కేతేపల్లి దగ్గర మూసీ కాలువ పక్కన మాకు మూడెకరాలు ఉంది. 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చాక ఊళ్లో ఆయిల్ ఇంజన్లన్నీ కొట్టాల్లో మూలన పడ్డాయి. మా కాలువ గట్టున స్తంభం లేదు, అందుకని మా నాన్న కొన్న అయిదు హార్స్‌పవర్ ఇంజన్ ఇంకా పనిచేస్తోంది. ఒకే సిలిండర్, నిమిషానికి 1500 చుట్లు, ఒకే ఎలిమెంట్ ఉన్న పంపు, గంటకు లీటరుకు కాస్త పైన తాగుతుంది. నూనెకు ఇంతకంటే తగిన ఇంజన్ మన ఊళ్లలో దొరకదు.

మొదటి వారంలోనే పొరపాటు దొరికింది. ఈ ఇంజన్లను చల్లబరిచేది అది తోడే నీళ్లే. కాలువ నీళ్లలో కొంత సిలిండర్ చుట్టూ ఉండే జాకెట్ గుండా తిరిగి పొలంలోకే పోతుంది. డీజిల్‌కు ఫరవాలేదు. నూనెకు మాత్రం ఇంజన్ మరీ చల్లగా ఉండిపోతుంది. నాజిల్ తీస్తే మూతి చుట్టూ నల్లని పుట్టగొడుగు మొలిచి ఉంది. జాకెట్‌కు పోయే నీటి కాకును (తిప్పే కుళాయిని) సగానికి పైగా కట్టేసి, బయటికి వచ్చే నీళ్లు థర్మామీటరులో 75, 80 మధ్య ఉండేలా చూసుకున్నాను. ఆ వేడి నీటి పైపును నూనె ట్యాంకులో చుట్టలుగా తిప్పాను. రాగి పైపు పెట్టవద్దు, స్టీలుదే పెట్టాలి. వాడిన నూనెలో పుట్టే ఆమ్లాలు రాగిని, ఇత్తడిని తింటాయి. పంపుకు వెళ్లే చివరి మూరెడు పైపును సైలెన్సర్ పక్కగా నడిపితే మిగతా వేడి అక్కడ అందింది. ట్యాంకులు రెండు. డీజిల్‌తో స్టార్ట్ చేస్తాను. పావుగంట తరువాత, నూనె పైపు చేతికి కాలినప్పుడు, కాకు తిప్పుతాను. ఆపడానికి అయిదు నిమిషాల ముందు మళ్లీ డీజిల్ మీదికి. పంపులో, నాజిల్‌లో రాత్రి నూనె నిలవకూడదు. ఆ అబ్బాయి పంపును చంపింది ఆ రాత్రే.

నూనె తయారీ ఓపికతో చేసే పని. హోటల్ నూనెలో శనగపిండి, ఉప్పు, నీళ్లు ఉంటాయి. డ్రమ్ములో పోసి కనీసం పదిహేను రోజులు కదపను. ఎండాకాలం అయితే ఎండలో. పైనున్న తేట మాత్రమే తోడి, అడుగున నాలుగు వేళ్ల మందం వదిలేస్తాను. వేడి పెనం మీద రెండు చుక్కలు వేస్తే చిటపటలాడకూడదు. ఆడితే నీళ్లున్నట్టే, నీళ్లుంటే ప్లంజర్ తుప్పు పడుతుంది. చివరికి 5 మైక్రాన్ల ఫిల్టర్. గుడ్డతో వడగట్టిన నూనె పంపు దృష్టిలో ఇసుక నీళ్లతో సమానం. నాజిల్‌ను వంద గంటలకు ఒకసారి తీసి చూస్తాను, ఇంజన్ ఆయిల్ చెప్పిన గంటల్లో సగానికే మారుస్తాను. ఇదంతా చేయలేనివాళ్లు డీజిల్ పోసుకోవడమే మేలు.

ఆముదం గురించి తప్పక చెప్పాలి. నల్లగొండ, పాలమూరు మెట్ట పొలాల్లో ఆముదం పండించినవాళ్లం కదా, దానితో నడపవచ్చా అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. వద్దు. 40 డిగ్రీల దగ్గర ఆముదం చిక్కదనం 250 సెంటీస్టోక్స్ వరకు ఉంటుంది. పల్లి నూనెకు ఆరింతలు. కాచినా అది మన పంపుల దారికి రాదు.

ఇంత శ్రమ పడితే మిగిలేది ఎంత అని మా ఇంట్లోనే అడిగారు. డబ్బుల లెక్కలో పెద్దగా ఏమీ లేదు. ఒక్క సీజన్‌లో కొన్ని డబ్బాల డీజిల్. నా పట్టుదల వేరే చోట ఉంది. నూనెను పదేపదే కాచితే అందులో పుట్టే పోలార్ పదార్థాలు, అంటే నూనె విరిగి ఏర్పడే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. అదే ఏడు ఆగస్టులో వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే రూకో పథకం తెచ్చింది. రోజుకు 50 లీటర్ల కంటే ఎక్కువ నూనె వాడే హోటళ్లు లెక్కలు రాయాలి. మరి రోజుకు అయిదు లీటర్లు వాడే బజ్జీ బండి? పెద్ద హోటల్ నుంచి వాడిన నూనె తక్కువ ధరకు కొనుక్కునే బండి? పిల్లలు సాయంత్రం బడి నుంచి వస్తూ తినేది అక్కడే. ఆ నూనెకు ఇంజన్ ఒక దారి చూపగలిగితే అది చిన్న విషయం కాదు.

రోటరీ పంపులవాళ్లకు దారి బయోడీజిలే. మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్ వేరుచేస్తే నూనె చిక్కదనం 3.5 నుంచి 5 మధ్యకు దిగుతుంది, డీజిల్‌కు పక్కింటిదే అవుతుంది. ఇంట్లో చేయకండి. మిథనాల్ విషం, దాని మంట పగటిపూట కంటికి సరిగా కనబడదు కూడా. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెబుతోంది. దానికి ముడిసరుకు మన హైవే హోటళ్ల వెనక డబ్బాల్లో ఉంది. ఏరి తెచ్చే మనిషే కావాలి.

నాకు నూనె ఇచ్చే హోటల్ నార్కట్‌పల్లి దాటాక ఉంటుంది. యజమాని నాకంటే పెద్దాయన. అంతకుముందు ఆ నూనె ఒక బండివాడు తీసుకెళ్లేవాడని ఆయనే చెప్పారు. బండివాడిచ్చిన ధరే నేనూ ఇస్తున్నాను. పోయిన నెల డబ్బా నింపుతూ, "వానాకాలంలో నీ ఇంజన్ నడవదు కదా తమ్ముడూ, అప్పుడు ఈ నూనె ఎవరికివ్వాలి?" అన్నారు. "నేనే తీసుకెళ్తాను బాపూ, ఎవరికీ ఇవ్వకండి" అన్నాను. మరునాడు రెండు ఖాళీ డ్రమ్ములు కొని, షాపు వెనక వేపచెట్టు కింద ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టాను.